చేతులెత్తించిన పెద్దమనిషి

మా కాలేజీ హాల్లో ఆయన సంతాప సభ జరుగుతుంటే నేను వెనక వరసలో కూర్చున్నాను. స్టేజీ మీద ఆయన ఫొటో, ఫొటోకు మనిషంత ఎత్తు గులాబీల దండ. ప్రిన్సిపాల్ గారు నా దగ్గరికొచ్చి వంగి, "మేడం, మీరు గూడ రెండు మాటలు చెప్పాలె. మీ నాయిన పోయినప్పుడు పాడె మోసిన మనిషి గదా" అన్నాడు. గొంతు బాగాలేదన్నాను. గొంతు బాగానే ఉంది. నా దగ్గరున్న రెండు మాటలు ఆ స్టేజీ మీద చెప్పేవి కావు, అంతే.

పోయినవాళ్ల గురించి చెడ్డగా మాట్లాడకూడదంటారు. ఆ నియమం పెట్టింది కూడా ఆయన లాంటి మనుషులే అయి ఉంటారు. ఆ రోజు మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ ఆయన్ను అజాతశత్రువు అన్నారు. నేనున్నాను గదా అనుకున్నాను.

మిల్లు మిర్యాలగూడలో. ఇల్లు సూర్యాపేటలో. నేను సివిక్స్ చెప్పే కాలేజీ కోదాడలో, దానికి ఆయనే కమిటీ అధ్యక్షుడు. ఈ మూడు ఊళ్ల మధ్య ఆయన కారు రోజంతా తిరుగుతూనే ఉండేది. మిల్లులో అడిగితే పేటలో ఉన్నాడనేవాళ్లు, పేటలో అడిగితే ఇప్పుడే కోదాడ పోయిండనేవాళ్లు. ఇంత తిరిగిన మనిషి జనం ఓట్లేసే ఎన్నికలో ఒక్కనాడూ నిలబడలేదు. సర్పంచిగా లేదు, కౌన్సిలర్‌గా లేదు, కనీసం వార్డు మెంబర్‌గా లేదు. కానీ జనం గెలిపించిన మెంబర్లు ఒక గదిలో కూర్చుని తమలో ఒకరిని పెద్దగా ఎన్నుకునే కుర్చీ ఏదున్నా అది ఆయన సొంతం. మండల పరిషత్ అధ్యక్షుడు, మునిసిపల్ చైర్మన్, సహకార సంఘం చైర్మన్ — ఈ చుట్టుపక్కల వీళ్లలో చాలామంది ఆయన పెట్టినవాళ్లే. ఏ పార్టీ అని అడగొద్దు. ఆయన మూడు పార్టీలు మారాడు, మూడింటిలోనూ ఇదే పని చేశాడు.

మనిషి పొట్టిగా, పలుచగా ఉండేవాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, వాటి మీద ఎప్పుడూ సన్నగా తవుడు వాసన. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. ఆయన మాట వినబడాలంటే మనమే వంగాలి. అది వినయమని అందరూ అనుకునేవాళ్లు. ఎదుటివాణ్ని వంచడానికి అంతకంటే సులువైన మార్గం లేదని నాకు తర్వాత అర్థమైంది.

వడ్లు చూడటంలో ఆయనకు పేరుండేది. గుప్పెడు వడ్లు అరచేతిలో వేసుకుని, రెండో అరచేత్తో నలిపి, ఊదేవాడు. పొట్టు ఎగిరిపోయాక మిగిలిన బియ్యాన్ని వేలితో ఇటూ అటూ జరిపి, "తేమ ఉంది, ఆరబెట్టుకొని రా పో" అనేవాడు. రైతు ఎంత మొత్తుకున్నా ఇంకో మాట ఉండేది కాదు. మనుషుల్నీ అలాగే చూసేవాడు. కొత్తగా గెలిచిన మెంబర్ ఎవరైనా దండం పెట్టడానికి వస్తే ఆ మొహంలోకి కాసేపు చూసి, వాళ్లు పోయాక పక్కనున్నవాళ్లతో, "వీనిల తేమ ఉంది. నాలుగు దినాలు ఆరబెట్టాలె" అనేవాడు. పక్కనున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆ మాటకు అర్థం ఆ మెంబర్ని క్యాంపుకు తోలాలని. గెలిచినవాళ్లు అవతలి పక్షానికి పోకుండా, అధ్యక్షుణ్ని ఎన్నుకునే రోజు దాకా బస్సుల్లో ఎక్కించి ఎక్కడో ఒక చోట దాచిపెట్టడాన్ని మా దగ్గర క్యాంపు అంటారు.

కాలం కాని కాలంలో కూడా ఆయన ముందు బల్ల మీద బత్తాయిలుండేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకటి తీసి, తొక్క ఎక్కడా తెగకుండా వలిచి, తొనలు విడదీసి, తన చేత్తోనే ఒక్కొక్కరికి ఇచ్చేవాడు. తాను తినేవాడు కాదు. షుగర్ ఉందనేవాడు. ఎదుటివాళ్లు తింటుంటే చూసేవాడు. ఆయన ఇచ్చింది నమలకుండా ఆ గదిలో కూర్చోవడం ఎవరివల్లా అయ్యేది కాదు.

ఇక ఆయన మాటలు. ఆయనకు చదువు పెద్దగా లేదు, కానీ మాట పట్టు తెలిసిన మనిషి. "అందరు ఓట్లేస్తె ఎవరు గెలుస్తరో దేవునికి గూడ తెల్వది. కొందరే ఏస్తె ఎవరు గెలవాల్నో మనకు ముందే తెలుస్తది" — ఇది నేను ఆయన నోటివెంట లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఎవరైనా కాదంటే, చివరి అస్త్రంగా రాష్ట్రపతిని తెచ్చేవాడు. "దేశానికే పెద్దాయన. నువ్వు ఓటేసినవా? నేనేసిన్నా? మనం ఎన్నుకున్నోళ్లు ఎన్నుకున్నరు. దేశం నడుస్తలేదా?"

ఆ మాట నన్ను కాల్చేది. ఎందుకంటే అది నా పాఠం.

ఒక ఏడాది కాలేజీలో వక్తృత్వ పోటీ పెట్టాం. రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా, ఇప్పుడున్న పద్ధతే ఉండాలా అన్నది విషయం. నేనే ఎంచిన విషయం. ముఖ్య అతిథి ఆయన. డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి, గరిడేపల్లి వైపు నుంచి బస్సులో వచ్చే పిల్ల, స్టేజీ ఎక్కి భయపడకుండా మాట్లాడింది. "మా ఊరి సర్పంచిని మేమే ఎన్నుకుంటం. మంచిగ చెయ్యకపోతె ఇంటికాడికి పోయి అడుగుతం. దేశానికి పెద్దను మాత్రం మేమెందుకు ఎన్నుకోవద్దు? ఊరికొక న్యాయం, దేశానికొక న్యాయమా?" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆయన తన వంతు వచ్చినప్పుడు మైకు దగ్గరికి పోయి, ఆ అమ్మాయినే చూస్తూ, "బిడ్డా, మీ అమ్మను మీ నాయినకు ఎవరు ఎంచిన్రు? ఊరంతా ఓట్లేసిన్రా? ఇంటి పెద్దలు కూసోని ఎంచిన్రు. వాళ్లు కాపురం చేస్తలేరా? నువ్వు పుట్టలేదా?" అన్నాడు. హాలంతా ఘొల్లుమంది. ఆ పిల్ల తల దించుకుంది. ఎర్రబడ్డ ఆమె చెవులు నాకు ఇప్పటికీ కనబడతాయి.

చివర్లో నన్ను మాట్లాడమన్నారు. రాష్ట్రపతిని ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎన్నుకునే పద్ధతి ఉండాలనే నేను చెప్పాను. ఇప్పుడూ క్లాసులో అదే చెప్తాను. దేశమంతా ఓట్లేసి గెలిపించిన రాష్ట్రపతి ఒకరుంటే, ఆయన ప్రధానమంత్రికి పోటీగా ఇంకో దర్బారు పెడతాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. అయితే ఆ పద్ధతికి ఒక ప్రాణం ఉంది, అది కూడా చెప్పాను. "అక్కడ ఓటు రహస్యం. ఫలానా వాళ్లకే వెయ్యాలని పార్టీ విప్ ఇవ్వడానికి లేదు. లోపలికి పోయినవాళ్లు, వాళ్ల మనస్సాక్షి, అంతే. మండలాల్లో మనవాళ్లు చేతులెత్తే పద్ధతి దీనితో పోల్చదగింది కాదు" అన్నాను.

సభ అయ్యాక టీ తాగుతుంటే ఆయన నా పక్కకొచ్చాడు. "మంచిగ చెప్పినవు టీచరమ్మా. ఒక్కటే సమజ్ గాలే. ఓటు రహస్యం ఎందుకు? దొంగతనం చేస్తున్నమా?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే ప్రిన్సిపాల్ నవ్వాడు. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్లిపోయారు.

ఇదంతా వాదన. వాదన దగ్గరే ఆగి ఉంటే నేను ఆయన్ను ఒక మొండి ముసలాయన అనుకుని మర్చిపోయేదాన్ని.

నా చెల్లెలు సుగుణది హుజూర్‌నగర్ దగ్గర ఊరు. ఆ ఊరి ఎంపీటీసీ స్థానం, అంటే మండల పరిషత్‌లో ఊరి తరఫున కూర్చునే మెంబర్ స్థానం, ఆడవాళ్లకు వచ్చింది. సుగుణను నిలబెట్టారు. టికెట్ ఇప్పించింది ఆయనే. సుగుణ ఇల్లిల్లూ తిరిగి గెలిచింది. దండలు మెడలో ఉండగానే, మా మరిదికి, అంటే ఆమె భర్తకు, ఒక మాటైనా చెప్పనివ్వకుండా, బస్సు ఎక్కించారు. బస్సులో ధాన్యం శాంపిళ్లు తెచ్చే గుడ్డసంచి ఒకటి పట్టుకుని ఒకతను వచ్చి, "ఫోన్లు దీంట్ల ఎయ్యున్రి" అన్నాడట. అందరూ వేశారు.

ఆ వారంలోనే మా నాయినకు గుండెనొప్పి వచ్చింది. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చాం. రెండో రోజు డాక్టర్ మమ్మల్ని పక్కకు పిలిచి, చూడాల్సినవాళ్లెవరైనా ఉంటే పిలిపించుకోమన్నాడు. నాయినకు మాట సరిగ్గా రావడం లేదు. వచ్చిన ఒక్క మాటా "చిన్నది రాలేదా?" అని.

సుగుణ ఎక్కడుందో మాకు తెలియదు. కృష్ణ దాటించారని ఒకరన్నారు, హైదరాబాదు అవతల అని ఇంకొకరన్నారు. నేను మిర్యాలగూడ బస్సెక్కాను.

ఆయన మిల్లు ఆఫీసు గదిలో ఉన్నాడు. బయట లారీల్లోంచి బస్తాలు దించుతున్నారు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆడవాళ్లు వస్తే లేవడం ఆయన మర్యాద.

"రా టీచరమ్మా, కూసో. టిఫిన్ తిన్నవా?"

"నాయిన సీరియస్‌గ ఉన్నడు సార్. సుగుణ కోసం అడుగుతున్నడు. ఒక్కసారి పంపియ్యున్రి. చూసి మళ్ల వస్తది. నేనే తోల్కొచ్చి మీకు అప్పజెప్త."

"నాకు తెలుసు బిడ్డా. డాక్టర్‌తోని మాట్లాడిన. రేపటిదాక ఏం గాదన్నడు."

"మాకు అట్ల చెప్పలేదు సార్."

"మీకు చెప్పేది వేరే ఉంటది, నాకు చెప్పేది వేరే ఉంటది." అంటూ బత్తాయి చేతిలోకి తీసుకున్నాడు. "రేపు పగటీలి కల్లా చేతులెత్తుడు అయిపోతది. నా కార్లనే దవాఖానకు పంపిస్త."

"సుగుణకు చెప్పిన్రా?"

"చెప్పిన. ఏడ్సింది పాపం. మాటిచ్చిన గదా, పని ఖతం చేస్కొనే పోత అన్నది. మీ నాయిన పెంపకం మంచిది."

నేను ఆ మాట నమ్మాను. చెల్లెలి మీద కోపం కూడా వచ్చింది. అయినా మళ్లీ అడిగాను. ఆయన విసుక్కోలేదు. చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"చూడు టీచరమ్మా. ఇటు అటు సమానంగ ఉన్నరు. నీ చెల్లె ఒక్కతి ఉంటె మనం ఒక చెయ్యి ఎక్కువ. ఆమె బయటికొచ్చిందంటె అవుతలోళ్లు తొవ్వలనే ఎత్కపోతరు. లేకపోతె సమానమైతది, చీటీలేస్తరు. ఇంత కష్టపడి చీటి మీద పెడతమా?"

"ఆమెను జనం గెలిపిచ్చిన్రు సార్. నాయినను చూడాలంటె మీ పర్మిషన్ ఎందుకు?"

"జనం గెలిపిచ్చిన్రు. నిజమే. జనం పని ఆడికే ఖతం" అన్నాడు. ఎప్పటి గొంతుతోనే అన్నాడు. ఆ మాట వినడానికి కూడా నేను ముందుకు వంగే ఉన్నాను.

తొన నా చేతిలో పెట్టాడు. దాన్ని బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను.

ఆ సాయంత్రం నాయిన పోయాడు. ఎదురుచూసి ఎదురుచూసి తలుపు వైపు తిప్పిన మెడ అలాగే ఉండిపోయింది. మా మరిది మిల్లుకు ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. చివరికి ఆయనే ఎత్తాడు. విన్నాడు. "అయ్యో" అన్నాడు. తర్వాత, "ఎండకాలం. రేపటిదాక ఉంచాలె గదా. నేను ఏర్పాటు చేస్త" అన్నాడు. నాయినను ఇంటికి తెచ్చిన కాసేపటికే వాకిట్లో వ్యాను ఆగింది. శవాన్ని పెట్టే ఫ్రీజర్ పెట్టె దించారు. వచ్చినవాళ్లంతా ఎంత మంచి మనిషి అన్నారు. అడగకముందే పంపిండు చూడు అన్నారు.

మర్నాడు జరిగింది సుగుణ నాకు తర్వాత చెప్పింది. పొద్దున క్యాంపులో అందరికీ టిఫిన్ పెడుతూ ఆయన తన దగ్గరికొచ్చాడట. ఇంకో గారె వేస్తూ, "నాయినకు కొంచెం నలతగ ఉందంట బిడ్డా. భయం లేదు. నిన్ను యాది చేస్తున్నడు. పని గాంగనే పోదువు" అన్నాడట. నాయిన జబ్బు సంగతి ఆమె వినడం అదే మొదలు. అప్పటికి నాయిన ఫ్రీజర్ పెట్టెలో ఉన్నాడు.

బస్సు నేరుగా మండల ఆఫీసుకు పోయింది. పేరు చదివారు. చేతులెత్తమన్నారు. సుగుణ ఎత్తింది. ఒక్క చెయ్యి తేడాతో ఆయన మనిషి అధ్యక్షుడయ్యాడు. బయట బాణాసంచా కాలుస్తుంటే, మెట్ల మీద, ఆయన సుగుణ తల మీద చెయ్యి పెట్టి, "అమ్మా, నాయిన లేడు. ధైర్యం తెచ్చుకో. కారు రెడీగుంది" అన్నాడు.

కారు దిగిన సుగుణను నేను పట్టుకున్నాను. ఆమె ఏడవలేదు. "ఎప్పుడు?" అని ఒక్కటే అడిగింది. నిన్న సాయంత్రం అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపు అర్థం కావడానికి నాకు కొంచెం టైం పట్టింది. పొద్దున తిన్న గారెలు లెక్క చూసుకుంటోంది ఆమె.

పాడె లేపేటప్పుడు ఆయన వచ్చాడు. చెప్పులు విడిచి, కండువా నడుముకు కట్టి, ముందు వైపు భుజం పెట్టాడు. అంత పెద్దమనిషి పాడె మోస్తుంటే ఊరంతా కదిలిపోయింది. మా బంధువుల్లో ఒకాయన కళ్లు తుడుచుకుంటూ, "మీ నాయిన అదృష్టవంతుడమ్మా" అన్నాడు. ఆ రోజు ఆయన్ను సుగుణ ఏమీ అనలేదు. మేమెవ్వరమూ అనలేదు. శవం ముందు గొడవ పెట్టుకోవడం మా ఇళ్లల్లో లేదు. ఆయనకు ఆ సంగతి బాగా తెలుసు.

ఆ తర్వాత సుగుణ మెంబర్‌గా పూర్తి కాలం ఉంది. మీటింగులకు పోయేది, మురికి మోరీలు, బోర్ల సంగతి మాట్లాడి వచ్చేది. ఆయన ఇంటి గడప మాత్రం తొక్కలేదు. నేను తొక్కాల్సి వచ్చేది, ఉద్యోగం కాబట్టి.

అలా ఒకసారి వార్షికోత్సవానికి పిలవడానికి స్టాఫ్ అంతా సూర్యాపేట ఇంటికి పోయాం. ఆ రోజే రాష్ట్రపతి ఎన్నిక. టీవీలో ఎమ్మెల్యేలు వరసగా పోయి ఓటేసి వస్తున్నారు. ఆయన సోఫాలో కూర్చుని చూస్తున్నాడు. ఈసారి దేశం నడుస్తలేదా అనలేదు. మొహం చిరాగ్గా ఉంది. ప్రిన్సిపాల్ మాట కలపడానికి, "ఇది మీకిష్టమైన ఎన్నిక గదా సార్" అన్నాడు.

"ఏం ఇష్టం?" అన్నాడు ఆయన. "పోయినసారి మన ఎమ్మెల్యేను నేనే కార్ల తోల్కపోయిన. గేటుకాడ నన్ను ఆపిన్రు. ఎండల కూసున్న. ఆయన ఓటేసి వచ్చిండు. ఎవరికేసినవని అడిగిన. నవ్విండు. 'అది రహస్యం పెద్దాయనా' అన్నడు. నాతోని! నేను టికెట్ ఇప్పిచ్చినోడు, నేను గెలిపిచ్చినోడు, నాకు రహస్యం అన్నడు. పార్టీ చెప్పినోనికే ఏసిండో, ఇంకోనికి ఏసిండో నాకిప్పటికీ తెల్వది. అదేం పద్ధతి?"

అన్నేళ్లలో ఆయన గొంతు పెరగడం నేను అప్పుడే విన్నాను. ఒక మనిషి లోపలికి పోయి తలుపేసుకుని తన ఇష్టం వచ్చినట్టు చేసి బయటికి రావడం ఆయన భరించలేని విషయం. జనం నేరుగా ఓటేస్తారా, ఇంకొకరి ద్వారా వేస్తారా అన్నది ఆయనకు ఎప్పుడూ ముఖ్యం కాదు. ఆ చెయ్యి తనకు కనబడాలి. అంతే. ఇన్నాళ్లూ నా పాఠాన్ని ఎత్తుకుపోయి వాడుకున్న మనిషికి ఆ పాఠం మొదటి పేజీ కూడా తెలియదు.

"అదే పద్ధతి సార్. అందుకే దానికి నేను ఓటేస్త" అన్నాను.

ఆయన నన్ను వడ్లను చూసినట్టు చూశాడు. తర్వాత నెమ్మదిగా, మళ్లీ ఆ సన్నటి గొంతుతో, "మా టీచరమ్మల తేమ శాన ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాతి ఏడు నాకు దక్కాల్సిన వైస్ ప్రిన్సిపాల్ పదవి ఇంకొకరికి పోయింది. కమిటీ మెంబర్లంతా చేతులెత్తి తీర్మానం చేశారట.

మొన్న పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సుగుణ సర్పంచికి నామినేషన్ వేసింది. పార్టీ లేదు, ఎవరి అండా లేదు. ఆయన అప్పటికే జబ్బు మనిషి. చేతికర్ర వచ్చింది, కాళ్లు వాచాయి. అయినా ఒక ఆదివారం కారేసుకుని సుగుణ ఊరు వచ్చాడు. వెంట ఊరి పెద్దమనుషులు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. సుగుణ టీ ఇచ్చింది.

"ఎందుకమ్మా ఈ ఓట్లు, ఈ తాగుడు, ఈ పగలు?" అన్నాడు ఆయన. "ఏకగ్రీవం చేస్కుంటె ఊరికి మంచి పేరు. సర్కారు పైసలు గూడ వస్తయి. పదిమంది పెద్దలం కూసోని ఒక పేరు అనుకున్నం. నువ్వు వాపస్ తీస్కో. వార్డు మెంబర్‌గ ఏసుకో, నిన్ను ఉపసర్పంచిని చేపిస్త. అది వార్డు మెంబర్లు చేతులెత్తేదే గదా. నా మీద ఇడ్సిపెట్టు."

"ఆ పదిమందిని ఎవరు ఎన్నుకున్నరు పెద్దాయనా?" అంది సుగుణ.

"పెద్దలను ఎవలన్న ఎన్నుకుంటరా? పెద్దలు ఉంటరు."

"అయితె నేను ఉండనీయను" అంది సుగుణ. కోపంగా కాదు, టీ గ్లాసులు ఏరుకుంటూ అంది. "నేను వాపస్ తీస్కోను."

"ఓడిపోతవు బిడ్డా. నీ వెనక ఎవలున్నరు?"

"ఓడిపోత కావచ్చు. ఆ మాట ఊరు చెప్పాలె. మీరు గాదు."

ఆయన కర్ర నేలకు ఆనించాడు. తర్వాత లేవడానికి, ఎవరైనా పట్టుకోమన్నట్టు, సుగుణ వైపు చెయ్యి చాచాడు. సుగుణ రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. పెద్దమనుషుల్లో ఒకాయన ఉరికొచ్చి పట్టుకున్నాడు.

ఓట్లు పడ్డాయి. బడిలో లెక్కపెట్టారు. సుగుణ ఓడిపోయింది. ఏదో కొద్ది తేడాతో కాదు, బాగానే ఓడిపోయింది. బడి గేటు దగ్గర మేం నిలబడి ఉండగానే ఆమె ఫోన్ మోగింది. ఆయనే. సుగుణ స్పీకర్ పెట్టింది.

"చెప్పిన గదమ్మా. జనాన్ని నమ్మొద్దని."

సుగుణ గెలిచినవాళ్ల డప్పులు ఆగేదాకా చూసింది.

"మిమ్ముల నమ్మి గెలిచినప్పుడు మా నాయినను పాణంతోని చూడలేకపోయిన" అంది. "ఇయ్యాల జనాన్ని నమ్మి ఓడిపోయిన. ఇంటికి పోయి అన్నం తిని పండుకుంట. ఇగ నాకు ఫోన్ చెయ్యకున్రి."

సుగుణే ఫోన్ పెట్టేసింది. ఆయన పోయింది ఆ తర్వాత ఎక్కువ రోజులకు కాదు. సుగుణ చావుకు పోలేదు. ఎందుకు పోలేదని ఊళ్లో ఎవరో అడిగితే, పనుండె అంది.

ఓడిన మర్నాడు నేను ఇంకా అక్కడే ఉన్నాను. పొద్దున్నే సుగుణ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరింది. ఎక్కడికే అన్నాను. "ఓట్లడగ పోయినప్పుడు అందరి ఇండ్లకు పోయిన గదా అక్కా. ఓడిపోయినంక పోకపోతె మంచిగుండదు" అంది. నేనూ వెంట నడిచాను. కొందరు తలుపు దగ్గరే మొహం చాటేశారు. కొందరు నీకే ఏసినం అని ఒట్టు పెట్టారు. సుగుణ ఎవర్నీ ఏమీ అడగలేదు, దండం పెట్టి ముందుకు పోయింది.

ఊరి చివర ఒక ముసలామె అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మమ్మల్ని చూసి కొంగుతో చేతులు తుడుచుకుని, సుగుణ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను నీకు ఎయ్యలే బిడ్డా" అంది. "నిన్ను చూస్తె అబద్ధం ఆడబుద్ధి అయితలేదు. మా మనుమనికి మాటిచ్చిన. ఆడు చెప్పినోనికే ఏసిన."

సుగుణ నవ్వింది. అన్ని రోజుల్లో మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వింది.

"అయితేమాయె పెద్దమ్మా. నీ ఓటు, నీ ఇష్టం" అంది.

"అంతే గదా" అంది ముసలామె. చింతపండు గిన్నె ముందుకు జరుపుకుని, ఇంకో గింజ తీసి పక్కన వేసి, సుగుణను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"వచ్చేసారి నిలబడు. ఆలోచిస్త" అంది.